ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కలేకపోయిన మారుతి 800: ప్రాజెక్టు డైరీ

బండి, దాని జబ్బు

2006 మోడల్ మారుతి 800 ఏసీ, ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు కొలిచి ఇంజెక్టర్లతో పెట్రోలు పోసే) ఇంజను, ఏపీ 36 నంబరు, అంటే మా వరంగల్‌ది. బాపు కొత్తగా కొన్న బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ, కంపెనీ లెక్క ప్రకారం 37 బీహెచ్‌పీ, నాలుగు గేర్లు. బలం అసలే తక్కువ గనక అందులో కాస్త తగ్గినా వెంటనే తెలిసిపోతుంది.

జబ్బును ముందు సరిగ్గా రాసుకుంటే సగం పని అయినట్టే. "పికప్ లేదు" అంటే ఏ మెకానిక్‌కూ ఏమీ తెలియదు. ఎప్పుడు లేదు, ఎక్కడ లేదు, ఏం చేస్తే మారుతోంది అన్నది కావాలి. రాసుకున్నవి ఇవి:

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. స్లో స్పీడు (ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజను తిరిగే వేగం) బాగుంది, వణుకు లేదు. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఒకటి, రెండు గేర్లలో తేడా పెద్దగా కనిపించదు. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద మాత్రం మూడో గేరులో సగం దాకా వచ్చి చతికిలపడుతుంది, రెండో గేరుకు దించాల్సిందే. హైదరాబాద్ రోడ్డెక్కితే అరవై దాటదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: ఎక్సలేటర్ సగం తొక్కినా, నేలకు అదిమినా వేగం ఒకటే. సగం దాటాక పెడలుకు పనే లేదు. పది, పదిహేను కిలోమీటర్లు నడిపాక ఇది ఇంకా ముదురుతుంది, కాళ్ల దగ్గర ఫ్లోరు వేడెక్కుతుంది.

ఇప్పటికే ఒక షెడ్డులో ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు (సిలిండరులో పెట్రోలుకు నిప్పు అంటించేవి), పెట్రోలు పంపు మార్చారు. డబ్బులు పోయాయి, జబ్బు అలాగే ఉంది. ఇక మీదట పరీక్ష పెట్టి, ఫలానా పార్టుదే తప్పని తేలాకే కొత్తది కొనాలని నిర్ణయం. ఇంట్లో అందరం మేడారం పోవాలని అనుకుంటున్నాం. దాదాపు వంద కిలోమీటర్ల దారి, ములుగు దాటాక పస్రా, తాడ్వాయి అడవి. అక్కడ బండి మొరాయిస్తే పిల్లలతో, పెద్దవాళ్లతో ఇబ్బంది. జాతర రద్దీ మొదలు కాకముందే తేల్చాలి.

చిన్న స్కానర్ పెట్టి చూడొచ్చు కదా అని చాలామంది అన్నారు. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి జబ్బును దాని కంప్యూటరే స్కానర్‌కు చెప్పే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2010లో భారత్ స్టేజ్ 4 అనే పొగ నిబంధనలతో. బజారులో దొరికే చవక స్కానర్లు ఈ బండి కంప్యూటరుతో మాట్లాడవు. డ్యాష్‌బోర్డులో ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) మీటరు కూడా లేదు. కాబట్టి గేజీలు, మల్టీమీటరు, చెవి, ముక్కు.

ఆదివారం: ఇంజను బయట చూడాల్సినవి

బలం లేదనగానే బానెట్ ఎత్తడం అలవాటు. కానీ ఇంజను బాగానే ఇస్తున్న బలాన్ని మధ్యలో ఇంకెవరైనా తినేస్తుండొచ్చు. ముందు అది చూశాను.

బ్రేకులు: నాలుగు చక్రాలూ ఒక్కొక్కటిగా జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చేత్తో తిప్పాను. నాలుగూ తేలిగ్గానే తిరిగాయి. ఆ తర్వాత కొంత దూరం బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆగి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. బ్రేకు పట్టేసిన చక్రం ఉంటే అదొక్కటే కాలుతుంది. అలాంటిదేమీ లేదు.

క్లచ్: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై మీద పోతూ ఎక్సలేటర్ పూర్తిగా తొక్కాలి. వేగం పెరగకుండా ఇంజను శబ్దం ఒక్కటే పైకి పోతే క్లచ్ జారుతున్నట్టు. ఇక్కడ రెండూ పెరగలేదు. ఇంజనే లేవడం లేదు, అంటే క్లచ్‌ది తప్పు కాదు.

ఎక్సలేటర్ కేబులు: దీన్ని చాలామంది వదిలేస్తారు. అక్క కొడుకును సీట్లో కూర్చోబెట్టి, ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి, థ్రాటిల్ బాడీలోకి (ఇంజనులోకి గాలి పోయే ద్వారం) టార్చ్ వేశాను. "అల్లుడూ, మొత్తం తొక్కు." "తొక్కిన మామా, ఇగ కిందికి పోతలేదు." లోపల రేకు పూర్తిగా నిలువుగా తెరుచుకుంది. కేబులు సాగితే, కాళ్ల కింద మ్యాటు మందంగా ఉంటే అది ముప్పావు వంతే తెరుచుకుంటుంది. అప్పుడు ఎంత గొప్ప ఇంజనైనా గుంజదు. మా బండికి అదీ బాగుంది.

పెట్రోలు మీద అనుమానం

ఈ మధ్య ఏ బండికి ఏ జబ్బు వచ్చినా మొదటి మాట "ఈ20 పెట్రోలు వల్లే." నిజానిజాలు లెక్క వేసి చూద్దాం. లీటరుకు లీటరు పోలిస్తే పెట్రోలు కంటే ఇథనాల్‌లో శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. ఈ20లో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది, అంటే మొత్తం మీద తగ్గేది ఆరేడు శాతం. మైలేజీ కొంత తగ్గడానికి ఇది కారణం కావచ్చు. వంతెన మధ్యలో బండి చతికిలపడటానికి మాత్రం ఇది చాలదు. పాత బండ్లకు ఈ20తో ఉన్న అసలు ఇబ్బంది వేరు. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, దానికి తగ్గట్టు తయారు కాని పాత రబ్బరు పైపులను ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందుకని ట్యాంకు నుంచి ముందుకు వచ్చే రబ్బరు గొట్టాలన్నీ వేళ్లతో నొక్కి చూశాను. ట్యాంకు దగ్గర ఒక ముక్క జిగటగా తగిలింది. దాన్ని ఇంజెక్షన్ బండ్ల ప్రెజరుకు తట్టుకునే కొత్త గొట్టంతో మార్చాను. ఇది బలం కోసం కాదు, మంటల భయానికి.

బంకు పెట్రోలు ఎలా ఉందో చూడటం తేలికే. కొలత గీతలున్న వంద మిల్లీలీటర్ల గాజు గొట్టంలో తొంభై గీత దాకా పెట్రోలు, పైన పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి కుదిపి కాసేపు వదిలేయాలి. పెట్రోలులోని ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, అడుగు పొర పెరుగుతుంది. పది ఉండాల్సిన పొర ఇరవై ఎనిమిదికి దగ్గరగా వచ్చింది. పద్దెనిమిది మిల్లీలీటర్ల ఇథనాల్, అంటే తొంభైలో ఇరవై శాతం. పెట్రోలు చెప్పినట్టే ఉంది, కల్తీ అనుకోవడానికి ఆధారం లేదు. ఈ పరీక్ష ఆరుబయట, స్టవ్వుకూ సిగరెట్టుకూ దూరంగా చేయాలి.

ఫ్యూయల్ ప్రెజర్: ఆగి ఉన్న బండిలో కాదు, ఎక్కుడులో

మా ఆటోనగర్ మెకానిక్ అన్న చెప్పిన మాట ఒకటే: "తమ్మీ, ఇది పెట్రోలు అందక గుంజుతలేదు. కొత్త పంపు అని నమ్మకు, కొత్తదే ఖరాబు ఉంటది." మాటలో న్యాయం ఉంది. బజారులో నకిలీ పంపులు ఉన్నాయి. పైగా పంపు బలహీనమైతే జబ్బు ఇలాగే ఉంటుంది: స్లో స్పీడులో బాగుండి, బరువు పడితే చేతులెత్తేస్తుంది.

అందుకే షెడ్డులో నిలబెట్టి ప్రెజరు చూస్తే చాలదు. పెట్రోలు ఎక్కువగా కావాల్సినప్పుడు ప్రెజరు పడుతోందా అన్నదే ప్రశ్న. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా తిప్పి, లైనులో ప్రెజరు దించాం. ఇంజెక్టర్లకు పోయే పైపు దగ్గర టీ కనెక్టరు పెట్టి గేజీ బిగించాం. పొడుగు గొట్టంతో గేజీని బానెట్ వెనక సందులోంచి బయటికి తెచ్చి, ముందు అద్దానికి బయటి వైపు టేపు వేశాం. పెట్రోలు ఉన్న గేజీ క్యాబిన్ లోపలికి ఎప్పుడూ తేవొద్దు. గొట్టం ఊడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మంటలార్పే సిలిండరు వెనక సీట్లో పెట్టుకున్నాం.

ములుగు రోడ్డు పట్టుకుని గట్టమ్మ దాకా పోయాం. ములుగు చేరకముందే వచ్చే గట్టమ్మ తల్లి గుడి దగ్గర మేడారం పోయే బండ్లన్నీ ఆగి మొక్కుకుని కదులుతాయి. అక్కడి ఎక్కుడు మా బండికి మంచి పరీక్ష. నేను నడిపాను, అన్న గేజీ మీద కన్ను పెట్టాడు. మూడో గేరు, ఎక్సలేటర్ నేలకు. బండి యాభై నుంచి నలభై, ముప్పై అయిదుకు పడిపోతోంది. గేజీ మాత్రం చదరపు సెంటీమీటరుకు రెండున్నర, మూడు కేజీల మధ్యే నిలబడి ఉంది. సూది కదల్లేదు.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పెట్రోలు కాదు తమ్మీ. ఇంకేందో అడ్డం పడ్తున్నది" అన్నాడు. "అడ్డం" అన్న ఆ మాట దగ్గరే దారి దొరికింది.

వ్యాక్యూమ్ గేజీ చెప్పింది

నా దృష్టిలో పాత పెట్రోలు బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక వ్యాక్యూమ్ గేజీ (ఇంజను గాలిని ఎంత బలంగా పీలుస్తోందో కొలిచేది) ఉండాలి. ఖరీదు తక్కువ, ఒక్క రబ్బరు గొట్టం ఇన్‌టేక్ మ్యానిఫోల్డుకు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) తగిలిస్తే చాలు, ఇంజను ఎలా ఊపిరి తీస్తోందో కనిపిస్తుంది.

స్లో స్పీడులో ఆరోగ్యంగా ఉన్న ఇంజను సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) వ్యాక్యూమ్ చూపిస్తుంది. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. మన వరంగల్ వెయ్యి అడుగులకు కాస్త అటూఇటూగా ఉంటుంది గనక ఇక్కడ 16 నుంచి 20 వస్తే బాగున్నట్టు. మా బండి 18 దగ్గర నిలబడింది. మూడు సిలిండర్లే గనక సూదికి చిన్న అదురు సహజం. ఒకే చోటుకి పదేపదే కింద పడితే వాల్వు అనుకోవాలి, మొత్తంగా తక్కువ చూపిస్తూ కదలకుండా ఉంటే టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే వేళ) తప్పిందనుకోవాలి. రెండూ లేవు.

అసలు పరీక్ష ఆ తర్వాత. టైమింగ్ లైటులో ఆర్‌పీఎం కూడా కనిపిస్తుంది. అన్న దగ్గర నుంచి అది తెచ్చి ప్లగ్ వైరుకు క్లిప్పు పెట్టాం. అల్లుడు ఎక్సలేటర్‌ను రెండున్నర వేల దగ్గర కదలకుండా పట్టుకున్నాడు. నేను గేజీ ముందు కూర్చున్నాను. సూది ముందు 19కి లేచింది. అయిదారు సెకన్లు అలాగే ఉంది. తర్వాత ఎవరో మెల్లగా కిందికి లాగుతున్నట్టు 17, 16, 14. ఆర్‌పీఎం కూడా దానంతట అదే పడుతోంది. "మామా, నేను కాలు తీయలే, అట్లనే పట్టుకున్న" అన్నాడు వాడు. 12. అక్కడ ఆపమన్నాను. ఎక్సలేటర్ వదిలాక కూడా సూది తిరిగి 18కి రావడానికి సమయం పట్టింది. బాగున్న ఇంజనులో అది ఒక్కసారి పైకి ఎగిరి వెంటనే సర్దుకుంటుంది.

దీని అర్థం సూటిగా ఉంది. కాలిన పొగ బయటికి పోవడం లేదు. సైలెన్సర్ దారిలో ఎక్కడో మూసుకుపోయింది. స్లో స్పీడులో పొగ కొంచెమే గనక సందుల్లోంచి పోతుంది. ఇంజను లేచేకొద్దీ వచ్చేది ఎక్కువ, పోయేది అంతే. మిగిలిన పొగ సిలిండరులోనే ఉండిపోతే కొత్త గాలికి చోటెక్కడిది? ఎక్సలేటర్ సగం తర్వాత పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఇంకో నష్టం కూడా ఉంది. ఈ ఇంజనులో ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు మ్యానిఫోల్డు ప్రెజరు చూసి నిర్ణయిస్తుంది. వ్యాక్యూమ్ పడిపోతే ఎక్కువ గాలి వచ్చిందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. గాలి లేదు, పెట్రోలు మాత్రం ఉంది. సైలెన్సర్ మూతి నల్లగా ఉండటానికి ఇదొక కారణం.

కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ప్రెజరు) కూడా చూసేశాం, అనుమానం మిగలకూడదని. ఇంజను వేడి చేసి, మూడు ప్లగ్గులూ తీసి, పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టరు తీసి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్లూ 160 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌన్లు) అటూఇటూగా వచ్చాయి, ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా పది లోపే. ఇరవయ్యేళ్ల బండికి అది సంతోషించాల్సిన సంగతి. తీసిన ప్లగ్గుల్లో మూడో సిలిండరుది మాత్రం మసిబారి, పెట్రోలు వాసన కొడుతోంది. మిగతా రెండూ లేత గోధుమ రంగు. ఇది పక్కన రాసి పెట్టుకున్నాను.

లేత్ షాపులో ఒక గంట

వ్యాక్యూమ్ గేజీ చెప్పింది బలమైన అనుమానం. దాన్ని అంకెలో చూడాలంటే సైలెన్సర్ లోపలి ప్రెజరును నేరుగా కొలవాలి. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ను పసిగట్టేది) బిగించే రంధ్రం దానికి సరిగ్గా సరిపోతుంది, అది క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని విషాలను తగ్గించే డబ్బా) ముందే ఉంటుంది. ఆ రంధ్రం మరకు సరిపడే అడాప్టరు తయారుగా దొరకలేదు. స్క్రాపులో ఒక పాడైపోయిన సెన్సర్ తీసుకుని లేత్ షాపుకు పోయాను. అక్కడి మేస్త్రీ దాన్ని చక్‌లో బిగించి, లోపలి పింగాణీ అంతా తొలిచేసి, నిట్టనిలువుగా డ్రిల్లు వేసి, వెనక చిన్న ఇత్తడి గొట్టం బ్రేజింగ్ చేసి ఇచ్చాడు. సెన్సర్ మర దానికే ఉంది గనక కొత్తగా మర కోయాల్సిన పని లేదు. వేడికి రబ్బరు గొట్టం కరగకుండా మొదట కొంత దూరం రాగి పైపు, ఆ తర్వాత రబ్బరు, చివర పదిహేను పీఎస్ఐ దాకా చూపే చిన్న గేజీ.

బండి మీది సెన్సర్‌ను విప్పడానికి ఇంజను కాస్త వెచ్చగా ఉండాలి. చల్లగా ఉంటే మర తినేస్తుంది.

మామూలుగా అయితే స్లో స్పీడులో ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ దాటకూడదు. రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర మూడు లోపు ఉండాలి. మా బండి స్లో స్పీడులోనే రెండు. రెండున్నర వేల దగ్గర ఆరు, ఏడు, ఎనిమిది దాటి ఇంకా ఎక్కుతోంది. అక్కడితో తేలిపోయింది.

విప్పడం

సైలెన్సర్ నట్లు ఇరవయ్యేళ్ల తుప్పులో ఉన్నాయి. తొందరపడి పానా వేస్తే స్టడ్డు తెగుతుంది, ఆ తర్వాత పని మూడింతలు. రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాం, పొద్దున మళ్లీ కొట్టాం. ఒకటి వేడి చేస్తే గానీ కదల్లేదు. పెట్రోలు లైను ఎంత దూరంలో ఉందో చూసుకునే గ్యాస్ వెలిగించాలి.

క్యాటలిటిక్ కన్వర్టర్ చేతికొచ్చింది. లోపల ఉండేది పింగాణీ జాలీ. వేల సన్న గొట్టాలు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఒక వైపు నుంచి టార్చ్ వేస్తే రెండో వైపు సన్నటి వెలుగు చుక్కలు చుక్కలుగా కనపడాలి. మాది అటు చూస్తే చీకటి. ముందు భాగం జాలీ కరిగి, ముదురు పాకం పట్టిన బెల్లం చల్లారి గడ్డకట్టినట్టు మెరుస్తూ రంధ్రాలన్నీ మూసేసింది. ఓ పక్క చిటికెన వేలు దూరేంత సందు మాత్రం మిగిలింది. ఇన్నాళ్లూ ఇంజను ఊపిరి వదిలింది ఆ సందులోంచే.

అన్న గట్టి ఇనుప కడ్డీ తీసుకున్నాడు. "పొడిచి ఖాళీ చేద్దాం తమ్మీ, పైసా ఖర్చు లేదు. అందరూ గట్లనే చేస్తరు." అందరూ చేస్తారన్నది నిజమే. బండి బలం కూడా తిరిగొస్తుంది. కానీ నేను ఒప్పుకోలేదు. ఈ డబ్బా లేకపోతే ఇంజనులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు నేరుగా వీధిలోకి పోతాయి. మన దేశంలో 1995లో నాలుగు మహా నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది ఊరికే కాదు. సీసం కలిపిన పెట్రోలు ఈ పూతను చంపేస్తుంది గనక సీసం లేని పెట్రోలు కూడా దాంతోపాటే తెచ్చారు, 2000 నాటికి దేశమంతటా సీసం పోయింది. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని కడ్డీతో పొడిచేసి, స్కూలు పిల్లలు నడిచే నయీంనగర్ రోడ్డులో ఆ పొగ వదలడం నాకు ఇష్టం లేదు. అన్నకు ఇదే చెప్పాను. ఆయన వాదించలేదు. "సరే, కొత్తది తెప్పిద్దాం" అన్నాడు.

ఎవరు చంపారు దీన్ని?

కొత్తది బిగించేస్తే పని అయిపోయిందనుకునే చోటే చాలామంది మళ్లీ నష్టపోతారు. క్యాటలిటిక్ కన్వర్టర్ దానంతట అది కరగదు. మామూలుగా అది నాలుగు వందల నుంచి ఎనిమిది వందల డిగ్రీల మధ్య పనిచేస్తుంది. ఆ పింగాణీ కరగాలంటే పద్నాలుగు వందల డిగ్రీలు దాటాలి. అంత వేడి రావాలంటే లోపల ఏదో కాలాలి. కాలడానికి పెట్రోలు కావాలి, సిలిండరులో మండకుండా వచ్చిన పెట్రోలు. అంటే మిస్సింగ్.

మసిబారిన మూడో ప్లగ్గు గుర్తుంది కదా. బాపు డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్న పెట్రోలు నోటుబుక్కు తీశాను. ఎప్పుడు ఎన్ని లీటర్లు పోయించారో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లో బాపు ప్రతిసారీ రాస్తారు. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చే బండి, బలం తగ్గడానికి చాలా ముందు, వానాకాలంలోనే పదిహేనుకు, తర్వాత పద్నాలుగుకు పడింది. "వానలో కుదుపు, ఎండితే బాగు" అని ఒక చోట ఆయన చేతిరాతలో ఉంది. ప్లగ్ వైరు మీద అనుమానం పడటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చీకటి పడ్డాక షెడ్డు లైటు ఆర్పేశాం. సైలెన్సర్ విప్పి ఉంది గనక శబ్దం ఘోరంగా ఉంది, ఒకటి రెండు నిమిషాలే నడపాలని ముందే అనుకున్నాం. షట్టరు పూర్తిగా ఎత్తి పెట్టాం, పొగ లోపల నిలవకూడదని. ఇంజను నడుస్తుండగా బట్టల ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రేతో ప్లగ్ వైర్ల మీద సన్నగా మంచులా కొట్టాను. ఒకటో వైరు చీకటి. రెండోది చీకటి. మూడోది ఇంజను హెడ్డుకు ఆనుకుని వంగే చోట "టిక్, టిక్" అని నీలం నిప్పు హెడ్డు మీదికి దూకుతోంది. అల్లుడు కాస్త రేసు ఇచ్చేసరికి నిప్పు ఇంకా చిక్కబడింది, ఇంజను కుదుపుతోంది. పొద్దున చూస్తే అక్కడ వెంట్రుక మందాన పగులు, దాని చుట్టూ తెల్లటి బూడిద గీత. మల్టీమీటరు పెట్టి ఆ వైరును వంచితే రీడింగు ఒక్కసారిగా ఎగిరిపోయి ఓపెన్ (దారి తెగినట్టు) చూపించింది. మిగతా రెండు వైర్లూ ఎంత వంచినా కదల్లేదు.

స్లో స్పీడులో ఈ జబ్బు ఎందుకు దాక్కుంది? బరువు పడినప్పుడు సిలిండరులో గాలి ఎక్కువగా చేరి ప్రెజరు పెరుగుతుంది. ఆ ప్రెజరులో ప్లగ్గు దగ్గర నిప్పు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అంత వోల్టేజీ వచ్చేసరికి కరెంటుకు ప్లగ్గు కన్నా వైరు పగులే దగ్గర దారి అవుతుంది. అందుకే వానలోనూ, ఎక్కుడులోనూ మాత్రమే మిస్సింగ్.

ఇంకో దెబ్బ కూడా ఇక్కడే తగిలింది. మండని సిలిండరు నుంచి పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా సైలెన్సర్‌లోకి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్‌కు పెట్రోలు కనిపించదు, ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. అది చూసి పెట్రోలు తక్కువైందని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు నమ్మి మూడు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. ఆ ఎక్కువ పెట్రోలంతా మళ్లీ కన్వర్టర్‌లోకే చేరి మండుతుంది. ఒక వైరు పగులు మైలేజీని తిని, కన్వర్టర్‌ను కాల్చి, చివరికి ఇంజను గొంతు నొక్కింది. షెడ్డులో ప్లగ్గులు మార్చిన రోజే వైర్లను కూడా మల్టీమీటరుతో చూసి ఉంటే కథ అక్కడే ఆగేది.

బిగింపు

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా విడిభాగాలకు కొదవ లేదు. ప్లగ్ వైర్ల సెట్టు వరంగల్‌లోనే దొరికింది. మూడూ కొత్తవే వేశాం, ఒకే వయసు వైర్లలో ఒకటి పోతే మిగతావి ఎంతో దూరంలో ఉండవు. మసిబారిన మూడో ప్లగ్గు కూడా మార్చాం. కన్వర్టర్ హైదరాబాద్ నుంచి తెప్పించారు, బయటి కంపెనీది. చేతికి రాగానే చేసిన మొదటి పని టార్చ్ వేసి చూడటం. అవతల వైపు చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపించింది. ఖాళీ డబ్బాలు కూడా కన్వర్టర్ల పేరుతో అమ్ముతారు, చూడకుండా డబ్బులివ్వొద్దు. పాతదాన్ని కొంటామని స్క్రాపు వాళ్లు వెంటనే వచ్చారు. అందులోని ప్లాటినం, పల్లాడియం కోసమే అది. ఊరికే పడేయాల్సిన వస్తువు కాదు.

గ్యాస్కెట్లు కొత్తవి. నట్లకు వేడికి తట్టుకునే గ్రీజు, రేపు విప్పేవాడికి సులువుగా ఉండాలని. ఆక్సిజన్ సెన్సర్ మార్చాల్సి వస్తుందనే అనుకున్నాను. మల్టీమీటరు పెట్టి, ఇంజను వేడెక్కాక చూస్తే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చురుగ్గా ఊగుతోంది. అది బతికే ఉంది, మార్చలేదు.

అంకెలు

వ్యాక్యూమ్ స్లో స్పీడులో 18, రెండున్నర వేల దగ్గర 20, ఎంతసేపు పట్టుకున్నా అక్కడే. లేత్ షాపు అడాప్టరుతో సైలెన్సర్ ప్రెజరు స్లో స్పీడులో సూది లేచీ లేవనట్టు, రెండున్నర వేల దగ్గర ఒకటి లోపు.

పొల్యూషన్ పరీక్షకు పోయాం. భారత్ స్టేజ్ 2, 3 కాలపు పెట్రోలు కార్లకు స్లో స్పీడులో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 750 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దాటకూడదు. మాకు 0.1, 90 వచ్చాయి. కడ్డీతో పొడిచి ఉంటే ఈ కాగితం నిజాయితీగా వచ్చేది కాదు.

ఫాతిమానగర్ బ్రిడ్జి మూడో గేరులోనే ఎక్కింది, దిగే వైపు వచ్చేసరికి యాభై. గట్టమ్మ ఎక్కుడులో ఇంట్లో వాళ్లందరితో, డిక్కీలో అమ్మవార్లకు ఇచ్చే బంగారం (బెల్లం) బుట్టతో మూడో గేరులో నలభై అయిదు తగ్గలేదు. ఏసీ వేస్తే కొంచెం ఆలోచిస్తుంది. 37 గుర్రాల ఇంజనుకు అది మామూలే, జబ్బు కాదు. మేడారం వెళ్లి తిరిగి వచ్చాక నోటుబుక్కులో లెక్క వేస్తే లీటరుకు పదిహేడు. ఈ20 తగ్గించే ఆరేడు శాతం తీసేస్తే పాత పద్దెనిమిదికి చేరినట్టే.

ఇంకా మిగిలిన పనులు: రెండు వేల కిలోమీటర్లు తిరిగాక మూడు ప్లగ్గులూ తీసి రంగు చూడాలి, మూడోది మిగతా రెండింటితో కలవాలి. వాల్వు కవరు గ్యాస్కెట్ దగ్గర నూనె చెమ్మ ఉంది, కొత్త ప్లగ్ వైర్ల మీదికి కారకముందే మార్చాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు వేశారో బాపు నోటుబుక్కులో దొరకలేదు, కాబట్టి వేసవి రాకముందే అది కొత్తది.